ఏకకణ శైవలాల హరితరేణు జన్యువులు: నిలిచినవి, వెళ్లిపోయినవి – ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ ఆరంభం: ప్రశ్న, జీవుల ఎంపిక

ఈ ప్రాజెక్టులో తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఏకకణ శైవలాల హరితరేణువుల్లో నేడు కనిపించే జన్యువులు అక్కడ కాకతాళీయంగా మిగిలినవా, లేక వేర్వేరు వంశాలు కోట్ల సంవత్సరాలుగా విడివిడిగా నడిచినప్పటికీ ఒకే రకమైన జన్యువులను అట్టిపెట్టుకొని, ఒకే రకమైన వాటిని వదులుకొన్నాయా?

హరితరేణువు ఒకప్పుడు స్వతంత్రంగా జీవించిన సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా) అన్నది ఇప్పుడు స్థిరపడిన విషయం. ఉన్న హరితరేణువులు విభజన చెందడం వల్లనే కొత్తవి ఏర్పడతాయని ఆండ్రియాస్ షింపర్ 1883లోనే రాశాడు. 1905లో కాన్‌స్టాంటిన్ మెరెష్కోవ్‌స్కీ అవి కణంలో స్థిరపడిన సహజీవులని ప్రతిపాదించాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ ఆలోచనను 1967లో లిన్ మార్గులిస్ మళ్లీ చర్చలోకి తెచ్చింది. ఈ చరిత్రలో ఏకకణ శైవలాలకు ప్రత్యేకమైన స్థానం ఉంది. స్ట్రెప్టోమైసిన్ నిరోధకత మెండెల్ సూత్రాలకు లోబడకుండా ఒకే జనక కణం నుంచి సంక్రమించడాన్ని రూత్ సేగర్ 1954లో చూపింది క్లామిడోమోనాస్‌లోనే. 1962లో రిస్, ప్లాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద హరితరేణువులోని డీఎన్‌ఏ పోగులను గుర్తించిందీ క్లామిడోమోనాస్‌లోనే.

సినెకోసిస్టిస్ అనే సయనోబాక్టీరియా జీనోమ్‌ను 1996లో పూర్తిగా చదివినప్పుడు అందులో సుమారు 35.7 లక్షల క్షార జతలు, మూడు వేలకు పైగా జన్యువులు తేలాయి. జన్యువులు అత్యధికంగా మిగిలిన ఎర్ర శైవలాల హరితరేణువుల్లో కూడా వాటి సంఖ్య రెండువందల యాభై ప్రాంతంలోనే ఆగిపోతుంది. తక్కినవి కొన్ని పూర్తిగా నశించాయి, కొన్ని కేంద్రకంలోకి చేరాయి. కేంద్రకంలో చేరిన జన్యువు నుంచి తయారైన ప్రోటీన్, దాని మొదట్లో ఉండే గమ్య సంకేతం సాయంతో పొరలు దాటి మళ్లీ హరితరేణువులోకి వస్తుంది. కాబట్టి ఒక జన్యువు హరితరేణువులో లేనంత మాత్రాన దాని పని ఆగిపోయినట్టు కాదు. ఈ తేడాను మొదటి నుంచీ వేరుగా నమోదు చేయాలని నిర్ణయించుకొన్నాను.

పోలికకు ఎంచుకొన్న జీవులు ఇవి: గ్లాకోఫైట్లు అనే చిన్న శైవల శాఖ నుంచి సయనోఫోరా పారడాక్సా, ఎర్ర శైవలాల నుంచి వేడి ఆమ్ల జలాల్లో బతికే సయనిడియోస్కైజాన్ మెరోలే, ఆకుపచ్చ శైవలాల నుంచి క్లామిడోమోనాస్ రైన్‌హార్టీ, క్లోరెల్లా వల్గారిస్, నెఫ్రోసెల్మిస్ ఒలివేసియా, పిరమిమోనాస్ పార్కియే, ఆస్ట్రియోకాకస్ టారీ, నేల మొక్కల శాఖకు చేరువైన మీసోస్టిగ్మా విరిడే. ఇవన్నీ హరితరేణువును సయనోబాక్టీరియా నుంచి నేరుగా పొందిన వంశాలకు చెందినవి. మరొక శైవలాన్నే లోపలికి తీసుకొని దాని హరితరేణువును సొంతం చేసుకొన్నవాటి నుంచి యూగ్లీనా గ్రాసిలిస్, బైజెలోవియెల్లా నటాన్స్, గిల్లార్డియా థీటా, డయాటమ్‌లలో ఫియోడాక్టిలమ్ ట్రైకోర్నూటమ్, థలాసియోసిరా సూడోనానా తీసుకొన్నాను. వంశవృక్షానికి బయటి పోలికగా గ్లియోమార్గరీటా లిథోఫోరాను చేర్చాను. మెక్సికోలోని అల్చిచికా సరస్సు నుంచి వెలుగులోకి వచ్చిన ఈ సయనోబాక్టీరియా, ఇంతవరకు తెలిసిన సయనోబాక్టీరియాలన్నింటిలోకీ హరితరేణువులకు దగ్గరి బంధువని 2017లో వెలువడిన విశ్లేషణ చూపింది.

జూన్ నడుమ: పరిమాణాలను చూసి ఏమీ నిర్ణయించలేము

జెన్‌బ్యాంక్ అనే ఉచిత అనుక్రమ నిధి నుంచి పూర్తి హరితరేణు జీనోమ్‌లను దించుకొని, పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాంతో ప్రతి జీవికీ మొత్తం పొడవు, జన్యువుల సంఖ్య, ఇంట్రాన్ల (ఆర్‌ఎన్‌ఏ దశలో కత్తిరించివేసే భాగాల) సంఖ్య, క్షారాల నిష్పత్తి లెక్క తీశాను. ఈ అంకెలను పక్కపక్కన పెట్టగానే కనిపించేది జీనోమ్ పొడవుకూ జన్యువుల సంఖ్యకూ పొంతన లేకపోవడం.

క్లామిడోమోనాస్ హరితరేణు జీనోమ్ పొడవు 2,03,828 క్షార జతలు. అందులో ఉన్నవి 99 జన్యువులు. సయనిడియోస్కైజాన్‌లో 1,49,987 క్షార జతల్లోనే 243 జన్యువులు ఇమిడి ఉన్నాయి. అక్కడ పక్కపక్క జన్యువుల చివర్లు తరచుగా ఒకదాని మీద ఒకటి పడతాయి. క్లామిడోమోనాస్‌లో మాత్రం జన్యువుల మధ్య ఖాళీల నిండా చిన్న చిన్న పునరావృత ఖండాలు పరుచుకొని, మొత్తం జీనోమ్‌లో ఐదో వంతుకు మించి ఆక్రమించాయి. స్వతంత్రంగా జీవించే నిజకేంద్రక జీవులన్నింటిలోకీ చిన్నదిగా పేరుపడ్డ ఆస్ట్రియోకాకస్‌లో హరితరేణు జీనోమ్ 71,666 క్షార జతలకు కుదించుకుపోయింది; అయినా అందులో మిగిలిన జన్యువులు క్లామిడోమోనాస్ కంటే పెద్ద తక్కువేమీ కావు. యూగ్లీనాలో 1,43,170 క్షార జతలున్నా మూడో వంతుకు పైగా ఇంట్రాన్లే. అక్కడి ఇంట్రాన్ల సంఖ్య సుమారు 150. కొన్నిచోట్ల ఒక ఇంట్రాన్ కడుపులో ఇంకొక ఇంట్రాన్ ఉంటుంది. లోపలిదాన్ని ముందుగా కత్తిరిస్తే తప్ప బయటిది తొలగదు. నా జాబితాలో లేని హెమటోకాకస్ లకుస్ట్రిస్ హరితరేణు జీనోమ్ ఏకంగా పదమూడు లక్షల క్షార జతలు దాటుతుంది. అంత విస్తారంలోనూ జన్యువులు తన బంధువులకున్నన్నే.

నా అభిప్రాయంలో హరితరేణు పరిణామం గురించి రాసేటప్పుడు జీనోమ్ పరిమాణాన్ని ముందుపెట్టడం పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది. పరిమాణం, జన్యువుల వరుసక్రమం, ఇంట్రాన్ల సంఖ్య, రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులను మోసే జంట విలోమ ఖండాలు ఉండటం లేకపోవడం, ఇవన్నీ వంశానికో తీరుగా మారిపోతుంటాయి. ఆ జంట ఖండాలు క్లామిడోమోనాస్‌లో ఉన్నాయి, క్లోరెల్లా వల్గారిస్‌లో లేవు. అంతమాత్రాన రెండింటి కిరణజన్య సంయోగక్రియలో మౌలికమైన తేడా ఏదీ రాలేదు. కనుక ఏ జన్యువు ఎక్కడ ఉందన్నదే ఈ ప్రాజెక్టుకు ప్రధానమైన కొలత.

జూన్ చివర: పేర్లను ఒకటి చేయడం, ముక్కలను కలపడం

ఉనికి పట్టిక తయారు చేసే ముందు జన్యువుల పేర్లను ఒకే పద్ధతిలోకి తేవాలి. హరితరేణువుల్లో మొదట పని తెలియని జన్యువులకు వైసీఎఫ్ అనే ముందుమాటతో వరుస సంఖ్యలు ఇచ్చారు. తరువాత పని తెలిసిన కొద్దీ కొత్త పేర్లు వచ్చాయి. పాత దస్త్రాల్లో మాత్రం పాత పేర్లే ఉండిపోయాయి. వైసీఎఫ్-5 అన్నా సీసీఎస్-ఏ అన్నా ఒకటే. వైసీఎఫ్-9 తరువాత పీఎస్‌బీ-జెడ్ అయింది. వైసీఎఫ్-7 ఇప్పుడు పెట్-ఎల్. ఈ మార్పులను లెక్కలోకి తీసుకోకుండా కంప్యూటర్‌తో పోలిస్తే లేని నష్టాలు పట్టికలో పుట్టుకొస్తాయి. అందువల్ల పేరు మీద ఆధారపడకుండా, సయనోఫోరా, సయనిడియోస్కైజాన్ ప్రోటీన్ అనుక్రమాలను ప్రశ్నలుగా పెట్టి ప్రతి జీనోమ్‌నూ బ్లాస్ట్ అనే అనుక్రమాల పోలిక ప్రోగ్రాంతో వెతికి, దొరికిన దానికే పేరు ఖాయం చేశాను. వైసీఎఫ్-3, వైసీఎఫ్-4 మాత్రం ఆ పేర్లతోనే కొనసాగుతున్నాయి. ఆ రెండింటి ప్రోటీన్లూ కాంతి శక్తితో ఎలక్ట్రాన్లను నడిపే ప్రోటీన్ సముదాయాల్లో ఒకటైన ఫొటోసిస్టమ్-1ను కూర్చడానికి అవసరమని క్లామిడోమోనాస్ హరితరేణువుల్లో ఆ జన్యువులను పనిచేయకుండా చేసి 1997లో నిరూపించారు. హరితరేణువులోకి కొత్త డీఎన్‌ఏను పంపి జన్యువులను మార్చే పద్ధతి 1988లో మొదట సాధ్యమైందీ ఈ శైవలంలోనే.

ముక్కలైన జన్యువుల సంగతి ఇంకా శ్రద్ధ కోరుతుంది. క్లామిడోమోనాస్‌లో పీఎస్‌ఏ-ఏ జన్యువు మూడు ముక్కలుగా, జీనోమ్‌లో ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు చోట్ల ఉంది. మూడు ముక్కలూ విడివిడి ఆర్‌ఎన్‌ఏలుగా తయారై, తరువాత అతుక్కొని ఒకే సందేశంగా మారతాయి. మొదటి రెండు ముక్కల అతుకుకు టీఎస్‌సీ-ఏ అనే మరొక చిన్న ఆర్‌ఎన్‌ఏ కూడా కావాలి. ఈ అతుకులు పడటానికి కేంద్రకం నుంచి వచ్చే అనేక ప్రోటీన్లు తోడ్పడతాయి. అంటే జన్యువు హరితరేణువులోనే ఉన్నా, దాని మీద అధికారం చాలావరకు కేంద్రకానికి దఖలు పడింది. క్లామిడోమోనాస్ పీఎస్‌బీ-ఏలో నాలుగు గ్రూప్-1 ఇంట్రాన్లు ఉన్నాయి; వాటిని తొలగించి ఎక్సాన్లను (మిగిలే భాగాలను) కలిపిన తరువాత, ప్రతి జన్యువునూ బాక్టీరియా సంకేత పట్టిక ప్రకారం అనువదించి, మధ్యలో విరామ కోడాన్ రాలేదని సరిచూశాను. కొన్ని జన్యువులు ఏయూజీతో కాక జీయూజీతో ఆరంభమవుతాయి కాబట్టి ఆరంభ కోడాన్ నియమాన్ని కొంత సడలించవలసి వచ్చింది.

జూలై: ఉనికి పట్టిక

పట్టిక పూర్తయింది. నిలువు వరుసల్లో జీవులు, అడ్డు వరుసల్లో జన్యువులు. ప్రతి గడిలో హరితరేణువు, కేంద్రకం, లేదు అనే మూడింటిలో ఒకటి. కేంద్రకంలో ఉన్నదీ లేనిదీ ప్రచురితమైన కేంద్రక జీనోమ్‌ల నుంచి సరిచూశాను. ప్రాజెక్టుకు గుండెకాయ ఈ పట్టికే కాబట్టి ఇక్కడ కొంత విస్తారంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు కనిపించేది ఎవరూ వదలని జన్యువుల గుంపు. ఫొటోసిస్టమ్-1 నడిగుండంలోని (కేంద్రభాగంలోని) పీఎస్‌ఏ-ఏ, పీఎస్‌ఏ-బీ, ఫొటోసిస్టమ్-2 కేంద్ర ప్రోటీన్లకు చెందిన పీఎస్‌బీ-ఏ, బీ, సీ, డీ, ఈ, సైటోక్రోమ్ సముదాయంలోని పెట్-బీ, పెట్-డీ, ఏటీపీని తయారుచేసే యంత్రంలోని ఏటీపీ-ఏ, ఏటీపీ-బీ, రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏలు. కిరణజన్య సంయోగక్రియ జరిపే ప్రతి జీవిలోనూ ఇవి హరితరేణువులోనే ఉన్నాయి. పెరిడినిన్ వర్ణకం గల డైనోఫ్లాజెల్లేట్లను వాటి అనుక్రమాల వేగం దృష్ట్యా ఈ పట్టికలో చేర్చలేదు గానీ, వాటి సంగతి ఇక్కడ చెప్పుకోదగ్గది. హెటిరోకాప్సా ట్రైక్వెట్రాలో హరితరేణు జన్యువులు ఒకే పెద్ద వలయంలో కాక, రెండు మూడు వేల క్షార జతల చిన్న వలయాల్లో వలయానికి ఒకటి చొప్పున ఉంటాయని 1999లో కనుగొన్నారు. ఆ వంశం హరితరేణు జన్యువుల్లో అత్యధిక భాగాన్ని బయటికి పంపి, పదిహేను లోపు ప్రోటీన్ జన్యువులతో సరిపెట్టుకొంది. ఆ కొద్దిపాటి జన్యువులూ దాదాపు అన్నీ పైన రాసిన జాబితాలోనివే. జీనోమ్ రూపం గుర్తుపట్టలేనంతగా చెదిరిపోయిన చోట కూడా ఇదే జాబితా నిలవడం నా ప్రశ్నకు దొరికిన మొదటి బలమైన సమాధానం.

తరువాత వచ్చేవి ఒక వంశంలో నిలిచి, మరొక వంశంలో కేంద్రకానికి వెళ్లినవి. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ రూబిస్కో చిన్న ఉపభాగపు జన్యువు ఆర్‌బీసీ-ఎస్ సయనోఫోరాలో, ఎర్ర శైవలంలో, గిల్లార్డియాలో, డయాటమ్‌లలో హరితరేణువులోనే ఉంది. ఆకుపచ్చ శైవలాలన్నింటిలో, వాటి హరితరేణువును తీసుకొన్న యూగ్లీనాలో కూడా కేంద్రకంలో ఉంది. పీఎస్‌ఏ-డీ, పీఎస్‌ఏ-ఈ, పీఎస్‌ఏ-ఎఫ్, ఫెర్రెడాక్సిన్ జన్యువు పెట్-ఎఫ్ కూడా ఇదే తీరులో ఎర్ర శాఖలో హరితరేణువులో, ఆకుపచ్చ శాఖలో కేంద్రకంలో ఉన్నాయి. ఇటువంటి బదిలీలు పురాతన కాలంతో ముగిసిపోలేదు. థలాసియోసిరా సూడోనానాలో పెట్-ఎఫ్ హరితరేణువులో ఉండగా, ఇనుము కొరవడే విశాల సముద్రాల్లో బతికే దాని బంధువు థలాసియోసిరా ఓషియానికాలో అది కేంద్రకానికి చేరిందని 2010లో తెలిసింది. ఒకే ప్రజాతిలోని రెండు జీవుల మధ్య ఇంత స్పష్టమైన బదిలీ దొరకడం అరుదు. దీనికి పట్టికలో ప్రత్యేకంగా ఒక వరుస కేటాయించాను.

బదిలీ కాకుండా పూర్తిగా పోయినవాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సీహెచ్‌ఎల్-బీ, సీహెచ్‌ఎల్-ఎల్, సీహెచ్‌ఎల్-ఎన్ అనే మూడు జన్యువుల జట్టు. చీకటిలో కూడా పత్రహరితం తయారు చేయగల ఎంజైమ్‌కు ఇవి మూడూ కావాలి. నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్‌కు చుట్టమైన ఈ ఎంజైమ్‌కు ఆక్సిజన్ సరిపడదు. క్లామిడోమోనాస్‌లో, క్లోరెల్లాలో మూడూ ఉన్నాయి. అవి చీకటిలోనూ పచ్చగానే పెరుగుతాయి. యూగ్లీనాలో మూడూ లేవు. చీకటిలో పెంచితే అది తెల్లబడుతుంది, వెలుతురు తగిలితేనే పచ్చబడుతుంది. పట్టికలోని మూడు ఖాళీ గడులు ఆ జీవి రంగులోనే కనిపిస్తున్నాయన్నమాట. ఇక్కడ గమనించదగిన మరొక అంశం, ఈ మూడింటిలో ఒకటి పోతే మిగతా రెండూ పనికి రావు కాబట్టి సాధారణంగా మూడూ కలిసే మాయమవుతాయి. నష్టాలను లెక్కించేటప్పుడు వీటిని మూడు సంఘటనలుగా కాక ఒకే సంఘటనగా లెక్కించాను.

ఎలక్ట్రాన్లను తిరిగి ప్రవాహంలోకి మళ్లించే ఎంజైమ్ సముదాయానికి చెందిన ఎన్‌డీహెచ్ జన్యువులు కూడా ఇటువంటి జట్టే. నెఫ్రోసెల్మిస్‌లో అవి ఉన్నాయి. క్లామిడోమోనాస్‌లో, క్లోరెల్లాలో లేవు. క్లామిడోమోనాస్‌లో ఆ పనిలో కొంత భాగాన్ని కేంద్రక జన్యువు నుంచి వచ్చే ఎన్‌డీఏ-2 అనే ఒంటరి ఎంజైమ్ చేస్తుంది. నష్టం అని రాసుకొన్న గడి వెనుక ఒక్కోసారి పూర్తిగా వేరే మూలం నుంచి వచ్చిన బదులు ఏర్పాటు ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది.

రూబిస్కో పెద్ద ఉపభాగపు జన్యువు ఆర్‌బీసీ-ఎల్ విషయంలో ముందే జాగ్రత్తపడ్డాను. శైవలాల గుర్తింపుకు విరివిగా వాడే ఈ జన్యువు ఆకుపచ్చ శాఖలోనూ గ్లాకోఫైట్లలోనూ సయనోబాక్టీరియా నుంచి వచ్చినదే; ఎర్ర శాఖలో, ఆ శాఖ హరితరేణువులను తీసుకొన్న డయాటమ్‌లలో మాత్రం అది ప్రోటియోబాక్టీరియా నుంచి అడ్డదారిన వచ్చి చేరింది. అన్ని శాఖలనూ కలిపి ఆర్‌బీసీ-ఎల్‌తో వృక్షం గీస్తే సయనిడియోస్కైజాన్ ప్రోటియోబాక్టీరియా పక్కన కూర్చుంటుంది. అది జన్యువు చరిత్రగా నిజమే, హరితరేణువు చరిత్రగా కాదు. అందుచేత ఉమ్మడి వృక్షం నుంచి దానిని తప్పించి విడిగా గీశాను.

ఆగస్టు: అమరికలు, వంశవృక్షం

అందరిలోనూ హరితరేణువులోనే ఉన్న ప్రోటీన్ జన్యువులను తీసుకొని, ఒక్కొక్కదానినీ అమైనో ఆమ్లాల స్థాయిలో మాఫ్ట్ ప్రోగ్రాంతో అమర్చి, ట్రిమాల్ ప్రోగ్రాంతో అనుమానాస్పద స్థానాలను తీసివేసి, అన్నింటినీ వరుసగా కలిపి వంశవృక్షం గీసే ఐక్యూ-ట్రీకి ఇచ్చాను. డీఎన్‌ఏ స్థాయిలో కాకుండా ప్రోటీన్ స్థాయిలో పని చేయడానికి కారణం ఉంది. హరితరేణు జీనోమ్‌లు ఎక్కువగా ఏ, టీ క్షారాల వైపు మొగ్గుతాయి. క్లామిడోమోనాస్‌లో జీ, సీల వాటా సుమారు 34.5 శాతం, యూగ్లీనాలో అంతకన్నా తక్కువ. కోడాన్ మూడో స్థానం ఇంత పాత వంశాల మధ్య ఎన్నోసార్లు మారి పాత జాడలను చెరిపేసుకొంది. పైగా ఒకే క్షార మొగ్గు ఉన్న జీవులు చుట్టరికం లేకపోయినా దగ్గరగా కనిపిస్తాయి.

క్లామిడోమోనాస్ ప్రోటీన్లతో అమరికలో కొంత చేతిపని తప్పలేదు. దాని ఆర్‌పీఎస్-3 జన్యువులో బంధువుల్లో లేని పొడవైన చేర్పు ఉంది. క్లిప్-పీలో ఉన్న పెద్ద చేర్పు ఆర్‌ఎన్‌ఏ దశలో తొలగిపోయే ఇంట్రాన్ కాదు, ప్రోటీన్‌లోకి కూడా అనువదింపబడుతుంది. ఇటువంటి చేర్పులను ఇతరులతో పోల్చడానికి ఏమీ లేదు కనుక అమరిక నుంచి తీసివేసి, వేరే దస్త్రంలో భద్రపరిచాను.

వృక్షంలో మొదలు నుంచే మూడు కొమ్మలు స్పష్టంగా విడివడ్డాయి: గ్లాకోఫైట్లు, ఎర్రవి, ఆకుపచ్చవి. గిల్లార్డియా, డయాటమ్‌లు ఎర్ర కొమ్మలోకి వెళ్లాయి. యూగ్లీనా, బైజెలోవియెల్లా ఆకుపచ్చ కొమ్మలోకి వచ్చాయి. కణంగా చూస్తే యూగ్లీనాకు దగ్గరి బంధువులు ట్రిపనోసోమ్‌లు ఉన్న శాఖలో ఉంటాయి. అందులోని హరితరేణువు మాత్రం ఆకుపచ్చ శైవలం నుంచి వచ్చినది, దాని చుట్టూ ఉన్న మూడు పొరలు ఆ రాకకు గుర్తు. ఈ వృక్షం చెప్పేది హరితరేణువు వంశం మాత్రమేనని, ఆశ్రయమిచ్చిన కణం వంశం కాదని పక్కనే రాసిపెట్టాను. గిల్లార్డియా, బైజెలోవియెల్లాలలో ఇంకో అడుగు ముందుకు పోవచ్చు. లోపలికి తీసుకొన్న శైవలపు కేంద్రకం వాటిలో కుచించుకుపోయి, న్యూక్లియోమార్ఫ్ పేరుతో, ఇంకా ఉంది. గిల్లార్డియా న్యూక్లియోమార్ఫ్ జీనోమ్ సుమారు 5,51,000 క్షార జతలు, బైజెలోవియెల్లాది 3,73,000. హరితరేణువుకు చేరవలసిన ప్రోటీన్ల జన్యువులు మొదటిదానిలో 30, రెండవదానిలో 17 మాత్రమే మిగిలి, తక్కినవి ఆతిథేయి కేంద్రకానికి తరలిపోయాయి. హరితరేణువు నుంచి మొదటి శైవలపు కేంద్రకానికి, అక్కడి నుంచి రెండో కేంద్రకానికి జన్యువులు రెండు మజిలీల్లో ప్రయాణించాయని ఈ రెండు జీవులు చూపిస్తున్నాయి.

అమైనో ఆమ్లాల మార్పులను అంచనా వేసే సాధారణ సీపీరెవ్ నమూనాతో గీసిన మొదటి వృక్షంలో యూగ్లీనా, బైజెలోవియెల్లా ఒకే కొమ్మపై పక్కపక్కన వచ్చాయి. రెండింటి కొమ్మలూ పొడవైనవే. వేగంగా మారిన వంశాలు ఒకదాన్నొకటి ఆకర్షించుకొనే ఈ ధోరణి వృక్షనిర్మాణంలో అందరికీ తెలిసినదే. స్థానానికో స్వభావాన్ని అనుమతించే సీ-60 నమూనాతో మళ్లీ గీసి, అతివేగంగా మారే స్థానాలను విడతలుగా తొలగిస్తూ పోయాక యూగ్లీనా విడిపోయి పిరమిమోనాస్ పక్కకు చేరింది. బైజెలోవియెల్లా హరితరేణు జీనోమ్‌ను 2007లో ప్రచురించినప్పుడే ఈ రెండు వంశాలు హరితరేణువును వేర్వేరుగా సంపాదించాయని తేలింది. పిరమిమోనాస్‌తో యూగ్లీనా హరితరేణువు సంబంధమూ 2009లో బయటపడింది. నా వృక్షం ఆ రెండింటితోనూ ఏకీభవిస్తోంది.

ఆగస్టు చివర: మార్పు వేగాలు

దూరపు బంధువుల మధ్య అర్థం మార్చని క్షార మార్పులను లెక్కించడం వృథా కాబట్టి, క్లామిడోమోనాస్ రైన్‌హార్టీని దాని దగ్గరి బంధువు క్లామిడోమోనాస్ ఇన్సెర్టాతోనే, లభ్యమైన జన్యువుల మేరకు పోల్చాను. విత్తన మొక్కల్లో మైటోకాండ్రియా జన్యువులు నెమ్మదిగా, హరితరేణువువి కొంచెం వేగంగా, కేంద్రకానివి చాలా వేగంగా మారతాయి. ఈ శైవల జంటలో మాత్రం మూడు చోట్లా వేగం దాదాపు ఒకటేనని 2007లోనే ప్రచురితమైంది. కాబట్టి నెమ్మదిగా మారడం హరితరేణు డీఎన్‌ఏకు సహజ గుణమని మొక్కలను చూసి అన్నిటికీ వర్తింపజేయరాదు.

ప్రోటీన్ల మధ్య తేడా మాత్రం చాలా పెద్దది. పీఎస్‌బీ-ఏ అమైనో ఆమ్లాల వరుస దాదాపు మారదు. కోడాన్ల ఎంపికలో కూడా అది తక్కిన జన్యువుల నుంచి వేరుగా నిలిచి, రెండు ప్రత్యామ్నాయాలున్న చోట సీతో ముగిసే కోడాన్లనే ఎక్కువగా వాడుతుంది. రైబోసోమ్ ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఉపభాగాలు, వైసీఎఫ్-1 ఎంతో స్వేచ్ఛగా మారాయి.

సెప్టెంబరు: ఎందుకు నిలిచాయి

ఎవరూ వదలని జాబితాకు రెండు వివరణలు ప్రధానంగా ఉన్నాయి. పొరల్లో ఇమిడిపోయే నీటిభీతి గల ప్రోటీన్లను కణద్రవంలో తయారు చేసి హరితరేణువులోకి పంపడం కష్టం కాబట్టి వాటి జన్యువులు లోపలే ఉండిపోయాయన్నది మొదటిది. దీనిపై నాకు తగినంత నమ్మకం కలగలేదు. కాంతిని ఒడిసిపట్టే ఎల్‌హెచ్‌సీ ప్రోటీన్లు పొరను మూడుసార్లు దాటేవే, వాటి జన్యువులు కేంద్రకంలో ఉన్నాయి. పొరతో సంబంధం లేక నీటిలో కరిగే రూబిస్కో పెద్ద ఉపభాగపు జన్యువు ఆకుపచ్చ, ఎర్ర శాఖల్లో హరితరేణువులోనే ఉంది.

రెండవది జాన్ అలెన్ ప్రతిపాదన. ఎలక్ట్రాన్ల ప్రవాహంలో తేడా వచ్చినప్పుడు ఆ తేడా వచ్చిన హరితరేణువే వెంటనే స్పందించి తన నడిగుండపు ప్రోటీన్లను సరిచేసుకోవాలి; అందుకు ఆ జన్యువులు చేతికి అందే దూరంలో ఉండాలి. ఆవ మొక్కల హరితరేణువులపై 1999లో వెలువడిన ప్రయోగం, ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోక్వినోన్ ఆక్సీకరణ స్థితిని బట్టి పీఎస్‌బీ-ఏ, పీఎస్‌ఏ-ఏ-బీ జన్యువుల నకలు వేగం మారడాన్ని చూపింది. తీక్షణమైన కాంతిలో పీఎస్‌బీ-ఏ తయారుచేసే డీ-1 ప్రోటీన్ నిరంతరం చెడిపోతూ, కొత్తదానితో భర్తీ అవుతూ ఉంటుంది. నా పట్టికలో నిలిచిన జన్యువుల్లో ఎక్కువ భాగం ఎలక్ట్రాన్లు నేరుగా ప్రవహించే దారి మీద ఉన్నవే. దారి అంచుల్లో ఉన్న చిన్న ఉపభాగాలే ఎక్కువగా కేంద్రకానికి వెళ్లాయి. ఈ పొందికను బట్టి నేను అలెన్ పక్షానే మొగ్గుతున్నాను.

ఏకకణ శైవలాలకు సంబంధించిన మరొక కారణాన్ని కూడా తూచాలి. హరితరేణు డీఎన్‌ఏ కేంద్రకానికి చేరాలంటే సాధారణంగా ఒక హరితరేణువు పగిలి దానిలోని పదార్థం బయటికి రావాలి. కణానికి అనేక హరితరేణువులున్న పొగాకు మొక్కలో ఇటువంటి బదిలీలను 2003లో ప్రయోగశాలలో నేరుగా పట్టుకొన్నారు. అదే సంవత్సరం వెలువడిన పోలికలో క్లామిడోమోనాస్‌లో బదిలీ పొగాకులో కంటే ఎంతో అరుదని తేలింది. క్లామిడోమోనాస్ కణానికి ఉన్నది ఒకే హరితరేణువు. అది పగిలితే కణమే పోతుంది. కాబట్టి కొన్ని జన్యువులు అవసరం వల్ల నిలిచి ఉండవచ్చు, మరికొన్ని దారి మూసుకుపోయినందువల్ల నిలిచి ఉండవచ్చు. ఈ రెండింటినీ వేరు చేయడానికి, పట్టికలో ప్రతి జీవికీ కణానికి ఒక హరితరేణువా, అనేకమా అన్న వివరాన్ని అదనంగా చేర్చాను. యూగ్లీనాలో అనేకం, ఆస్ట్రియోకాకస్‌లో, సయనిడియోస్కైజాన్‌లో ఒక్కటే.

సెప్టెంబరు చివర: వెలుతురుతో పని మానేసిన వంశాలు

అలెన్ వాదన సరైనదైతే, కిరణజన్య సంయోగక్రియను వదిలిన జీవుల్లో ఆ నడిగుండపు జన్యువులు ముందుగా మాయం కావాలి. అలాగే జరిగింది. అయితే మిగిలిన జీనోమ్ ఏమైందన్నది ఒక్కోచోట ఒక్కో తీరు. క్లామిడోమోనాస్ బంధువు పాలిటోమెల్లాలో హరితరేణు డీఎన్‌ఏ అసలే లేదని 2014లో ప్రకటించారు. రేణువు ఉంది, దాని జీనోమ్ లేదు. మరో బంధువు పాలిటోమా ఉవెల్లాలో కిరణజన్య సంయోగక్రియ జన్యువులు పోయినా జీనోమ్ రెండు లక్షల క్షార జతలకు పైగా ఉబ్బి ఉంది. యూగ్లీనా లోంగాలో జీనోమ్ సుమారు 73,000 క్షార జతలకు తగ్గింది. కిరణజన్య సంయోగక్రియకు చెందిన జన్యువుల్లో ఆర్‌బీసీ-ఎల్ ఒక్కటే మిగిలింది. మలేరియా కారక ప్లాస్మోడియమ్‌లో కూడా ఎర్ర శైవలపు హరితరేణువు అవశేషం 35,000 క్షార జతల వలయంతో ఇంకా పనిచేస్తోంది. రక్తదశలో దాని అనివార్యమైన పని ఐసోప్రెనాయిడ్ల ముడిపదార్థాన్ని తయారు చేయడమేనని 2011లో రుజువైంది.

అక్టోబరు: పాలినెల్లా

ఇంతవరకు పోల్చిన హరితరేణువులన్నీ చివరికి ఒకే పూర్వ సంఘటన నుంచి వచ్చినవి కాబట్టి, వాటి మధ్య పోలికలకు ఉమ్మడి వారసత్వం కూడా కొంత కారణం కావచ్చు. ఆ సందేహాన్ని పరీక్షించడానికి ప్రకృతిలో ఉన్న మార్గం పాలినెల్లా క్రొమాటోఫోరా. 1895లో రాబర్ట్ లాటర్‌బోర్న్ వర్ణించిన ఈ పెంకు అమీబా, తక్కిన శైవలాలతో సంబంధం లేకుండా, వాటికంటే చాలా ఆలస్యంగా మరొక సయనోబాక్టీరియాను తనలో కలుపుకొంది. 2008లో చదివిన ఆ అవయవపు జీనోమ్‌లో సుమారు 10.2 లక్షల క్షార జతలు, 867 ప్రోటీన్ జన్యువులు ఉన్నాయి. అంటే సయనోబాక్టీరియా నుంచి హరితరేణువుకు వచ్చే దారిలో అది ఇంకా సగంలో ఉంది.

దీనిని పట్టికలో చేర్చి ఎర్ర, ఆకుపచ్చ శాఖలతో పోల్చడం మొదలుపెట్టాను. నడిగుండపు జన్యువులు పీఎస్‌ఏ-ఏ, పీఎస్‌ఏ-బీ, పీఎస్‌బీ-ఏ అవయవంలోనే ఉన్నాయి. పీఎస్‌ఏ-ఈ మాత్రం కేంద్రకానికి చేరిందని 2009లోనే తెలిసింది. ఆకుపచ్చ శైవలాల్లో కూడా కేంద్రకానికి వెళ్లిన జన్యువే ఇది. సయనిడియోస్కైజాన్‌లో మాత్రం ఇంకా హరితరేణువులోనే ఉంది. రెండు స్వతంత్ర సంఘటనల్లో ఒకే చిన్న ఉపభాగం బయటికి రావడాన్ని ఉమ్మడి వారసత్వంతో వివరించలేము. పాలినెల్లా కేంద్రకంలో చేరిన తక్కిన జన్యువుల జాబితాను ఇదే పద్ధతిలో ఒక్కొక్కటిగా సరిచూసి, వాటిలో ఎన్ని ఆకుపచ్చ శాఖ కూడా బయటికి పంపినవో లెక్క తీయడం తరువాతి పని.